కొండచెట్ల వలస



నారు పోసి, అది జానెడు పెరిగిన పిదప పెఱికి, కట్టలు కట్టి, వేఱొక మడిలో ఊడ్చుట మీకు తెలియని పని కాదు. వరి యొక్కటియే కాదు; మిరప, వంగ, పొగాకు మొదలగునవన్నియు ఒకచోట మొలచి మఱియొకచోట కాపురము చేయునవే. మొక్క మొలచినచోటనే యుండితీరవలెనను నియమము మన సేద్యములో నెన్నడును లేదు. అడవిచెట్టును గుఱించి మాత్రము మన యభిప్రాయము వేఱు. అది దైవము నాటినచోట నుండును; దానిని కొట్టకుండుటయే మనిషి దానికి చేయగల మేలు. నేనును చాలకాల మట్లే తలచియుంటిని. అడవిచెట్టునకు సైతము నారుపోసి, కొండపైకి మోసికొనిపోయి నాటవలసిన దినము వచ్చినదని కొందఱు శాస్త్రజ్ఞు లనుచున్నారు. కూడదని మఱికొందఱు వారింపుచున్నారు. ఈ వివాదము పైచూపునకు పట్టణపు పండితుల వివాదమువలె కనబడును గాని, తీర్పు చెప్పుటకు నారు నాటిన చేతులకే యెక్కువ యధికారము కలదని నా తలంపు. అందుచేత దీనిని మీ యెదుట పెట్టుచున్నాను.

కొండ యెక్కినకొలది చల్లబడునని తిరుమల మెట్లెక్కిన ప్రతివారికిని తెలియును. స్థూలముగా నూఱు మీటర్ల యెత్తునకు అర డిగ్రీకి కొంచెము మించి వేడి తగ్గును. అందువలననే పెద్ద కొండమీది చెట్లు మేడలోని అంతస్తులవలె అమరియుండును: పాదమున నొక జాతి, నడుమ నొక జాతి, కొనమీద వేఱొక జాతి. ఏ జాతి యంతస్తు దానిది. భూమి సగటు వేడిమి 1850–1900 నాటికంటె 2011–2020 దశాబ్దములో 1.1 డిగ్రీ హెచ్చినదని లెక్కించియున్నారు. బొగ్గు, నూనెలు కాల్చుటవలన గాలిలో చేరిన వాయువులే దీనికి ముఖ్యకారణము. డిగ్రీ యనిన మనకు లక్ష్యము లేదు. ఉదయమునకు మధ్యాహ్నమునకు నడుమ పది డిగ్రీలు మాఱుట మనము చూచుచునే యున్నాము. కాని చెట్టు లెక్క వేఱు. సగటున ఒక డిగ్రీ హెచ్చినదనగా, ఆ చెట్టు వంశమునకు అలవాటైన చల్లదనము సుమారు నూటడెబ్బది మీటర్లు కొండపైకి లేచిపోయినదన్నమాట. చల్లదనము లేచిపోయినది, చెట్టు వేళ్ళు మాత్రము క్రిందనే యున్నవి.

మొక్కలు తామే పైకి ప్రాకలేవా యని మీరడుగవచ్చును. కొన్ని ప్రాకుచున్నవి. స్విట్జర్లాండు దేశములో పిజ్ లినార్డ్ అను శిఖరము కలదు. ఎత్తు 3,410 మీటర్లు. 1835లో ఓస్వాల్డ్ హేర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దాని కొనకెక్కి చూచినప్పుడు అచ్చట పూమొక్క యొక్క జాతియే కనబడెను. 2011లో అదే కొనమీద 16 జాతులు లెక్కకు వచ్చెను. 2018లో వెలువడిన మఱొక పరిశోధనలో ఐరోపాఖండపు 302 శిఖరముల పాత లెక్కలను క్రొత్త లెక్కలతో సరిచూచిరి. 2007–2016 నడుమ పదేండ్లలో శిఖరములమీదికి క్రొత్తగా చేరిన జాతులు, అర్ధశతాబ్దము క్రిందటి పదేండ్లలో చేరినవానికి అయిదురెట్లుగా తేలెను.

ఇట్టి పాత లెక్కలతో పోల్చునప్పుడు జాగ్రత్త యవసరము. 1802లో హంబోల్ట్ అను జర్మను పండితుడు దక్షిణామెరికాలోని చింబొరాజో పర్వతముమీద ఏయే మొక్క యెంత యెత్తున నున్నదో చూచి, పిదప ప్రసిద్ధమైన పటము గీసెను. 2015లో కొందఱా పటమును పట్టుకొని మరల కొలిచి, మొక్కలు 500 మీటర్లకు పైగా ఎగబ్రాకినవని ప్రకటించిరి. 2019లో వేఱొకరు హంబోల్ట్ వ్రాతప్రతులు తిరుగవేసి చూడగా, ఆ కొలతలలో హెచ్చుభాగము చింబొరాజోవి కావనియు, అంతిసానా యను మఱొక కొండవనియు తేలెను. ఎగబ్రాకిన దూరము సగమునకు దిగెను. కరణముగారి పాత అడంగలు చదువునప్పుడు సర్వేనంబరు సరిగా చూచుకొనవలెనని మనకు తెలిసినదే కదా. ఐనను దూరము సగమైనంతమాత్రమున ప్రాకుట అబద్ధము కాలేదు.

గాలికెగురు తేలికవిత్తుల చిన్నమొక్క ఏటేట నాలుగడుగులు పైకి పోగలదు. చెట్టు సంగతి యట్లు కాదు. విత్తు బరువు, కాపునకు వచ్చుటకు ఇరువది, ముప్పదియేండ్లు, విత్తు పడినచోట నీడ కావలెను, తడి కావలెను. చెట్టు ఒక తరమునకొక్క అడుగు వేయునంతలో వేడిమి పది యడుగులు వేయుచున్నది. దీనికి మించిన చిక్కొకటి యున్నది. కొండకొక కొన యుండును. కొనమీది యంతస్తు మొక్కలకు ఆపైన మెట్టు లేదు. క్రిందివారు వచ్చి చోటుచేసికొన్నకొలది పైవారు గాలిలోనికి పోవలసినదే.

ఇక మెక్సికో దేశపు సంగతి చెప్పెదను. ఆ దేశపు నడుమభాగమున అగ్నిపర్వతముల వరుస యొకటి తూర్పుపడమరలుగా సాగుచున్నది. ఆ కొండలమీద సుమారు 2,400 మొదలు 3,500 మీటర్ల యెత్తువఱకు 'ఓయమెల్' అను చెట్టు పెరుగును. మన తెలుగునేలమీది తూర్పు కనుమలలో మిక్కిలి యెత్తైన శిఖరము 1,700 మీటర్లకు లోపే. మన కొండలన్నియు ముగిసిన మీదట గాని ఆ చెట్టు మొదలు కాదు. అది దేవదారు కుటుంబములోనిది. సూదులవంటి యాకులు, నిటారైన మ్రాను.

ఈ చెట్టునకు లోకమంతట పేరు వచ్చినది ఒక సీతాకోకచిలుకవలన. మొనార్క్ అని దాని పేరు. నారింజవన్నె రెక్కలు, నల్లని గీతలు. వేసవిలో కెనడా, అమెరికా సంయుక్తరాష్ట్రములలో నుండి, శరత్కాలమున వేలకొలది కిలోమీటర్లు దక్షిణమునకు ఎగిరివచ్చి, నవంబరు మొదట నీ చెట్లను చేరి, కొమ్మలు వంగునట్లు గుంపులుగా వ్రాలి, చలికాలమంతయు గడపిపోవును. బయటి శాస్త్రజ్ఞుల కీ తావు 1975లో గాని తెలియలేదు. కొండలలోని గ్రామములవారికి మాత్రము తాతల నాటినుండియు తెలియును. చనిపోయినవారిని తలచుకొను వారి పండుగ నాళ్ళకు సరిగా ఈ గుంపులు వచ్చుటచేత, ఇవి తమ పితరుల యాత్మలని వారు నమ్ముదురు. మహాలయపక్షము పాటించు మన కీ నమ్మకము వింతగా తోచదు.

ఆ పురుగు బ్రతుకంతయు ఆ చెట్టు కొమ్మల దట్టముమీద నాధారపడియున్నది. కొమ్మలు వానకు గొడుగు, రాత్రి మంచునకు దుప్పటి. తడిసిన పురుగు పైని మంచు పడెనా, అది తెల్లవారదు. చెట్లు పలుచబడినచోట గుంపులకు గుంపులే నేలరాలును. కావున చెట్టు పోయిన పురుగును పోవును.

క్వౌతెమోక్ సాయెన్స్-రొమేరో యను మెక్సికో అటవీశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2012లో ఒక లెక్క ప్రకటించిరి. ఆ సీతాకోకచిలుకల రక్షితారణ్యములో ఓయమెల్ చెట్టునకు తగిన శీతోష్ణస్థితి గల నేల 2030 ప్రాంతమునకు మూడింట రెండువంతులు తగ్గుననియు, 2090 ప్రాంతమునకు దాదాపు ఏమియు మిగులదనియు ఆ లెక్క. ఇవి రాబోవు కాలపు అంచనాలు గాని, కండ్లతో చూచినవి కావు, హెచ్చుతగ్గు లుండవచ్చును. కాని ఆ రక్షితారణ్యపు కొండలు 3,500 మీటర్ల పైచిలుకుతో ముగిసిపోవుట కంటికి కనబడు సంగతియే. చెట్టునకు పైకి పోవలెనన్న కోరిక యున్నను పోవుటకు కొండ లేదు.

వారు మొదట ఆ రక్షితారణ్యములోనే పరీక్ష చేసిరి. వేఱువేఱు ఎత్తులలోని చెట్లనుండి విత్తనము తెచ్చి, నారు పెంచి, ఆ మొక్కలను వాని తల్లిచెట్లున్న చోటికంటె పైన నాటిరి. ఫలితములు 2019లో ప్రకటించిరి. అందులో నన్నాకర్షించిన విషయ మొకటి కలదు. చెట్టునీడ లేని బయలులో నాటిన నారు చాలవఱకు చచ్చెను. పొదల నీడను నాటినవి నిలిచెను. పగటి యెండను, రాత్రి మంచును రెంటిని పొద తాను భరించి, క్రిందిపాపను కాచును. ఆ శాస్త్రజ్ఞులు అట్టి పొదను దాది యని పిలుతురు. మామిడిమొక్క నాటి తాటాకు దడి కట్టువారికి ఈ మాట బోధింప నక్కఱలేదు. తుప్పలు నఱికి, నేల చదునుచేసి, వరుసలు తీర్చి నాటుట మన సర్కారు తోటలలో కూడ ఆచారమే. కొండమీద నదే పని చేసినయెడల దాదిని చంపి బిడ్డను పడుకొనబెట్టినట్లగును.

రెండవ పరీక్ష ఇంకను దూరము పోయెను. రక్షితారణ్యమునకు ఆగ్నేయముగా, నెవాదో దె తొలూకా యను ఆఱిపోయినట్లున్న అగ్నిపర్వత మున్నది. 4,600 మీటర్లకు మించిన యెత్తు. 2021లో దాని వాలుమీద 3,400, 3,600, 3,800, 4,000 మీటర్ల యెత్తులలో నాలుగు తావులేర్పఱచి, రమారమి 960 మొక్కలు దాదిపొదల నీడను నాటిరి. మెక్సికోలో అడవులలో పెద్దభాగము సర్కారువి కావు, గ్రామసంఘములవి. కాలిమాయా యను చోటి ఆదివాసుల సంఘమువారి భూమిమీద, వారి సమ్మతితో, వారి చేతులతో ఈ పని జరిగెను. నేను దీనిని ముఖ్యముగా చెప్పుచున్నాను. ఏలయన అడవులను కాపాడుటకై ఎక్కడనో కూర్చుండి గీచిన పథకములు, అడవిలో నున్నవాని నడుగకపోవుటచేతనే పాడగుట మనము పలుమాఱులు చూచియున్నాము.

మూడేండ్ల ఫలితములు 2024లో వెలువడెను. పైకి పోయినకొలది మొక్క యెదుగుదల తగ్గెను; మంచుదెబ్బ హెచ్చెను; చావులు హెచ్చెను. ఐనను చెట్లెక్కుటకు దాదాపు కడపటి హద్దయిన 4,000 మీటర్లచోట గూడ కొన్ని బ్రతికియుండెను.

ఈ పనిలోని అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. నేడు నాటిన మొక్క 2060లో మ్రానై యుండవలెను. ఆనాటి వేడిమికి సరిపడుచోట నాటితిమా, అచ్చట నేటి చలి దానిని చంపును. నేటి చలికి సరిపడుచోట నాటితిమా, రేపటి వేడి చంపును. పసితనమున మంచును, నడివయసున ఎండను తట్టుకొనగల యొక్క యెత్తును వెదుకవలెను. మూడునాలుగువందల మీటర్లు పైకి జరుపుట తగునని వారి తీర్మానము; అనగా రెండుడిగ్రీల పైచిలుకు చల్లదనము. దానికి మించి తొందరపడరాదు, తక్కువ వేసిన ప్రయోజనము లేదు. తొలకరికి ముందే విత్తవలెనా, తడి చూచి విత్తవలెనా యని ప్రతియేట తర్కించుకొను సేద్యగాడే ఈ చిక్కును సరిగా గ్రహింపగలడు.

ఇక వారించువారి మాట. వారు మూర్ఖులు కారు. వారికి సాక్ష్యము మన కడప సీమలోనే దొరకును.

పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రాజధానిలో బెడ్డోమ్ అను నొక దొర అడవుల కన్సర్వేటరుగా నుండెను. మొక్కల విద్యలో గట్టివాడు. దక్షిణదేశపు ఫెర్నులను, చెట్లను గుఱించి ఆయన వ్రాసిన గ్రంథములను నేటికిని వృక్షశాస్త్రజ్ఞులు తిరుగవేయుదురు. వానలు లేని మెట్టసీమలో త్వరగా పెరుగు చెట్టొకటి కావలెనని, 1876లో ఆయన రెవెన్యూశాఖకు వ్రాసి విత్తనము కోరెను. జమైకా ద్వీపమునుండి వచ్చిన ఆ విత్తనమును 1877లో కడప జిల్లా కమలాపురము ప్రాంతమున చల్లిరి. ఆ చెట్టు పేరు చెప్పకయే మీరు పోల్చియుందురు. అదియే సర్కారు తుమ్మ. దాని కాయలు పసరములు మేసి, పేడతో విత్తు చల్లుచు పోయినవి. నేడు చెఱువుగట్టు, బీడు, శ్మశానము, బాటప్రక్క – అది లేని తావు మెట్టసీమలో నరుదు. బీదలకు వంటచెఱకు నిచ్చినది, బొగ్గు నిచ్చినది; కాదనరాదు. పచ్చికబీళ్ళను మ్రింగినది, చెఱువులను పూడ్చినది, అదియు కాదనరాదు. తెచ్చినవాడు చెడ్డవాడు కాడు, తెలియనివాడు కాడు. మేలుకోరియే తెచ్చెను. శాస్త్రము తెలిసినవాని మేలుకోరికయు నూటయేబదియేండ్ల పిదప నెట్లు పరిణమించునో చెప్పజాలమని వారించువారి వాదము. దీనికి సులువైన ప్రత్యుత్తరము నాకు తోచలేదు.

ఒక్కటి మాత్రము చెప్పగలను. సముద్రముదాటి తెచ్చుట వేఱు, అదే కొండవరుసలో నాలుగువందల మీటర్లు పైకి జరుపుట వేఱు. పొరుగూరినుండి కోడలిని తెచ్చుకొన్నట్టిది రెండవది. ఆ చెట్టును తిను పురుగు, దానిని కట్టడిచేయు తెగులు, దాని ప్రక్కన పెరుగు గడ్డి – అందఱు నెఱిగినవారే. సర్కారు తుమ్మకు ఈ గడ్డమీద కట్టడిచేయు చుట్టమొక్కడును లేకపోయెను. ఐనను తొలూకా కొండమీది పైయెత్తులలో ఇదివఱకే యున్న సరళవృక్షములును, పచ్చికయు ఓయమెల్ వచ్చి నీడవేసిన నేమగునో, ఆ లెక్కయు నెవరైన చూడవలసియున్నది.

అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రమున నదీతీరపు గట్టులమీద పెరుగు టొరేయా యను చెట్టొకటి తెగులుచే అంతరించిపోవుచుండగా, దాని యభిమానులు కొందఱు 2008లో 31 మొక్కలను ఉత్తర కరోలినా కొండలకు మోసికొనిపోయి తామే నాటిరి. శాస్త్రజ్ఞులలో కొందఱు మెచ్చిరి, కొందఱు మండిపడిరి. తెగులుపట్టిన జాతిని మోయునప్పుడు తెగులును మోయుచున్నామేమో చూడవలదా యని వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనది.

బెడ్డోమ్ దొర పేరెత్తితిని కనుక మఱొక మాట. తిరుమల కొండలలోను, ఆ పరిసరములలోను తప్ప లోకములో మఱెక్కడను సహజముగా పెరుగని మొక్క యొకటి కలదు. పొట్టి మ్రాను, తలపై ఈతమట్టలవంటి మట్టలు. ఈత కుటుంబమునకు దీనికి బంధుత్వము లేదు; పూవు అనునది లోకములో పుట్టకముందటి ప్రాచీనవంశము. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సైకస్ బెడ్డోమీ'. అనగా కడపకు ముండ్లచెట్టును తెచ్చినవాని పేరే, మన కొండల అపురూపమైన మొక్కకు నిలిచినది! తాళ్ళలో పోతుతాడు, పెంటితాడు వేఱుగా నుండునట్లు దీనిలోను పోతు వేఱు, పెంటి వేఱు. పోతుమొక్క కంకిని మందులకని కోసికొనిపోవుటచేత, దగ్గఱలో పోతు లేక పెంటి విత్తు కట్టని చోట్లేర్పడుచున్నవి. కార్చిచ్చు మఱొక పీడ. దేశదేశముల నడుమ దీని వ్యాపారము నిషేధింపబడినది.

ఈ మొక్కను గూడ ఏ యరకు కొండలకో మోసికొనిపోవలెనా యని యొక మిత్రుడు నన్నడిగెను. వలదంటిని. నేడు దానిని చంపుచున్నది వేడిమికంటె ముందు కొడవలి. ఇంటిలో దొంగ యుండగా ఇల్లు మార్చుకొన్నందువలన లాభములేదు. కంకి కోయుట మానిపించి, చిచ్చు నాపి, దాని కొండమీదనే విత్తు కట్టనిచ్చి, నారు పెంచి ఖాళీచోట్ల నింపుట తొలిపని. మోసికొనిపోవుట తుదిపని. ఎచ్చట మోయవలెనో ఎచ్చట మోయరాదో తెలిసికొనుటకు, ఆ మొక్క ఏ కారణమున తగ్గుచున్నదో మొదట తేల్చవలెను. ఈ నడుమ కొన్నిచోట్ల ఈ విచారణ లేకయే, చెట్లు నాటుటనగా ఫొటో దిగుట యనుకొనుచున్నారు.

కెనడా, అమెరికా దేశముల పడమటి కొండలలో తెల్లబెరడు సరళవృక్ష మని యొకటి యున్నది. దాని కథతో విరమించెదను. చెట్లు పెరుగగల కడపటి యెత్తులలో, గాలి కోతకు వంకరలు తిరిగి, మెల్లగా పెరుగును. వేయేండ్లు బ్రతికిన చెట్లును కలవు. వేసవిలో మంచు త్వరగా కరగిపోకుండ నీడపట్టి, క్రిందిలోయల యేఱులకు నీరు నిలువచేయునది యిదియే. దాని విత్తునకు రెక్క లేదు. కాయ తనంతట విచ్చుకొనదు. క్లార్కు పేరిటి బూడిదవన్నె పక్షియొకటి, కాకి కులములోనిది, ముక్కుతో కాయను పొడిచి, గింజలను నాలుకక్రింది సంచిలో నింపుకొని, కిలోమీటర్ల దూరము పోయి, చలికాలపు తిండికని నేలలో అంగుళము లోతున నాలుగేసి గింజలుగా పాతిపెట్టును. ఒక్క పక్షి ఒక్క యేట పదుల వేల గింజలు దాచును. మఱచిపోయిన గింజ మొలచును. ఆ చెట్టునకు నాటువాడు ఆ పక్షియే.

ఇరువదవ శతాబ్దపు మొదట, 1910 ప్రాంతమున, ఫ్రాన్సు దేశమునుండి వాంకూవరు రేవునకు వచ్చిన సరళవృక్షపు నారుతో ఒక కుంకుమ తెగులు దిగెను. గోధుమకు పట్టు కుంకుమ తెగులువంటి శిలీంధ్రమే, చెట్టుబెరడున చేరి చుట్టునుండి చంపును. చూచితిరా, మొక్కలు మోసిన పాపమే ఇచ్చటను! దానిపై చలి తగ్గుటచేత, పూర్వము శీతకాలమున చచ్చు బెరడుపురుగులు చావక పెచ్చు పెరిగెను. కెనడా 2012లో ఈ చెట్టు అంతరించు ప్రమాదమున నున్నదని చట్టరీత్యా ప్రకటించెను. అమెరికా 2022లో ముప్పున నున్న జాతుల పట్టికలో చేర్చెను.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున శాలీ ఐట్కెన్, సియెరా మెక్‌లేన్ అను నిద్దఱు స్త్రీలు దీని వలసను పరీక్షకు పెట్టిరి. ఈ చెట్టు నేడు పెరుగు సీమకు ఉత్తరపు హద్దుకు ఆవల, చెట్టునకు తగిన చల్లదనము గల నేల విస్తారముగా నున్నదనియు, ఈ శతాబ్దాంతమువఱకు నుండుననియు లెక్కలు చెప్పుచుండెను. ఏడు తావుల విత్తనము తెచ్చి, ఎనిమిది చోట్ల నాటిరి. హద్దుకు 600 కిలోమీటర్లు ఆగ్నేయము మొదలు 800 కిలోమీటర్లు వాయవ్యమువఱకు. మూడేండ్లలో ఎనిమిదిచోట్లను గింజ మొలచెను. నిద్ర వదలించి నాటిన గింజలు, ఊరక నాటినవానికి దాదాపు మూడురెట్లు మొలచెను. బరువైన గింజ గట్టి మొక్క నిచ్చెను. మంచు ఎన్నాళ్ళు నేలపై నిలుచునను దానినిబట్టి మొక్క బ్రతుకు నిర్ణయమాయెను. 2012లో వారు ప్రకటించిన ఫలితము లివి. బరువుగింజ సంగతి మనవారు చాటలో చెరుగునప్పుడే తేల్చినది గాని, మంచు సంగతి క్రొత్తది.

ఎనిమిదివందల కిలోమీటర్ల దూరము మెక్సికోవారి నాలుగువందల మీటర్లవంటిది కాదు. అందుచేత నా మనసు ఇచ్చట కొంత వెనుకాడుచున్నది. తెగులు లేని గింజ, తెగులు తట్టుకొను వంశపు గింజ, వేళ్ళకు కావలసిన బూజుజాతి – ఇవన్నియు చూచుకొనవలెను. తెగులునకు లొంగని చెట్లను ఏరి, వాని కాయలకు వేసవి మొదట మనుషులు పైకెక్కి ఇనుపతీగ బుట్టలు తొడిగి, ఆకురాలు కాలమున మరల ఎక్కి కోసికొనివచ్చుచున్నారు. ఆ బుట్టలు ఎవరినుండి కాపాడుటకనగా, ఆ పక్షినుండియు, ఉడుతలనుండియు.

విత్తి మొలిపించుట మనిషి చేయగలిగెను. క్రొత్తచోట ఆ మొక్క కాపునకు వచ్చుటకు ఇంకను ముప్పదియేండ్లు, నిండుకాపునకు అరువదియేండ్లు పట్టును. అప్పుడు కాయను చీల్చి, గింజను మోసికొనిపోయి, ఆపై కొండలలో పాతుటకు ఆ బూడిదవన్నె పక్షి అంత దూరము రావలెను. అది వచ్చునో రాదో, నాటినవారు చూడబోరు.